పాత కోడ్, తేలని లైసెన్సు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను చూసుకునేవాళ్లు ఈసారి పంపిన ప్రశ్నలు దాదాపు అన్నీ ఒకే ఇబ్బంది చుట్టూ తిరిగాయి. కోడ్ బాగానే పనిచేస్తోంది. ఏళ్ల తరబడి అందరూ పంచుతున్నారు. ఏ అనుమతితో పంచుతున్నారని అడిగితే మాత్రం చూపించడానికి ఏమీ లేదు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నేను చూసుకునే ప్యాకేజీలో ఒక సి ఫైలు మీద రచయిత పేరు, 1987 అన్న సంవత్సరం తప్ప ఇంకేమీ లేవు. లైసెన్సు ఊసే లేదు. ఇన్నేళ్లుగా ఎవరూ అడ్డు చెప్పలేదు కాబట్టి అలాగే ఉంచేయవచ్చా?

జవాబు: కుదరదు. లైసెన్సు రాయనంత మాత్రాన కోడ్ అందరిదీ అయిపోదు, హక్కులన్నీ రచయిత దగ్గరే ఉండిపోతాయి. బెర్న్ అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందం ప్రకారం కాపీరైట్‌కు నమోదు అక్కర్లేదు, © గుర్తు కూడా అక్కర్లేదు. ఎవరూ అడ్డు చెప్పలేదంటే గొడవ జరిగే అవకాశం తక్కువని అనుకోవచ్చేమో గానీ, అనుమతి ఉన్నట్టు కాదు. డెబియన్ అనే లైనక్స్ పంపిణీలో అయితే, స్వేచ్ఛా షరతులకు సరిపోనివాటిని ఉంచే నాన్‌ఫ్రీ విభాగంలో కూడా ఇలాంటి ఫైలుకు చోటు లేదు. అక్కడ పెట్టాలన్నా కనీసం పంచుకునే అనుమతి ఉండాలి.

అమెరికా చట్టాన్ని సగం విని పొరబడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ దేశంలో బెర్న్ ఒప్పందం అమల్లోకి వచ్చింది 1989 మార్చి 1న. అంతకుముందు అక్కడ కాపీరైట్ ప్రకటన లేకుండా ప్రచురిస్తే హక్కులు పోయే ప్రమాదం ఉండేది, నిజమే. కానీ 1978 నుంచి ఆ తేదీ వరకు వచ్చిన రచనలకు ఐదేళ్లలోపు నమోదు చేయించి, ప్రతుల మీద ప్రకటన చేర్చే ప్రయత్నం చేస్తే హక్కులు నిలిచేవి. అంటే ఈ దారిన వెళ్లాలంటే మొదట ఎక్కడ, ఎప్పుడు, ఏ రూపంలో బయటికొచ్చిందో, తర్వాత నమోదైందో లేదో మీరే రుజువు చేయాలి. మిగతా దేశాల సంగతి అప్పటికీ తేలదు. ప్యాకేజీ చూసుకునేవాళ్లు ఈ వాదన జోలికి పోకపోవడమే మంచిది.

చేయాల్సింది తవ్వకం. ముందు ఫైలు ఎక్కడ పుట్టిందో చూడండి. పాత ఫైళ్ల తలభాగంలో @(#) అనే గుర్తుతో ఒక వరుస కనిపిస్తుంటుంది. అది ఎస్‌సీసీఎస్ అనే పాత వెర్షన్ వ్యవస్థ ముద్ర. పక్కనే ఫైలు పేరు, వెర్షన్ సంఖ్య, తేదీ ఉంటాయి. 87/02/12 అని ఉంటే 1987 ఫిబ్రవరి 12 అన్నమాట. రెండు డాలర్ గుర్తుల మధ్య ఐడీ అనో హెడర్ అనో ఉంటే అది ఆర్‌సీఎస్ లేదా సీవీఎస్ అనే వెర్షన్ వ్యవస్థల ముద్ర. అందులో చివరిసారి మార్చినవారి లాగిన్ పేరు కూడా దొరుకుతుంది. ఆ వరుసలో ఉన్న ఫైలు పేరు ఇప్పటి పేరుకు వేరుగా ఉంటే మీకు పంట పండినట్టే, పాత పేరుతో వెతికితే అసలు మూలం బయటపడుతుంది.

ఆ తర్వాత పాత విడుదలలు. అప్పట్లో అనుమతి వాక్యాన్ని ప్రతి ఫైలు మీదా రాసే అలవాటు లేదు. రీడ్‌మీలోనో, మ్యాన్ పేజీ చివరో, మేక్‌ఫైల్ తలలోనో ఒక్కసారి రాసి వదిలేసేవారు. యూజ్‌నెట్ అనే పాతకాలపు చర్చావేదికలోని సోర్స్ గ్రూపుల్లో కోడ్ షెల్ ఆర్కైవ్‌గా, ముక్కలుగా వచ్చేది. అనుమతి మొదటి ముక్క ముందున్న సందేశంలో ఉండి, ఫైళ్లు విప్పాక అది వెనకే మిగిలిపోయేది. అందుకే విప్పిన ఫైళ్లు కాదు, అసలు సందేశం కావాలి. పాత కోడ్, పాత పేజీలు భద్రపరిచే సాఫ్ట్‌వేర్ హెరిటేజ్, ఇంటర్నెట్ ఆర్కైవ్ రెండింటిలోనూ వెతకండి. యూజ్‌నెట్‌లో వేశారంటేనే అనుమతి ఇచ్చినట్టు అనే వాదన నమ్మకండి. అందరికీ చూపించడం వేరు, పంచుకోమని చెప్పడం వేరు.

గిట్ అనే వెర్షన్ వ్యవస్థలో చరిత్ర ఉంటే లాగ్ కమాండ్‌కు పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి 'కాపీరైట్', 'పర్మిషన్' అన్న మాటలు ఎప్పుడు చేరాయో, ఎప్పుడు పోయాయో చూడండి. కోడ్ శుభ్రం చేస్తున్నామంటూ పాత కామెంట్లతో పాటు అనుమతి వాక్యాన్నీ తీసేసిన కమిట్లు తక్కువేం కాదు. ఏ వరుస ఎవరు రాశారో చూపే బ్లేమ్ కమాండ్‌కు పెద్ద సి ఆప్షన్ మూడుసార్లు ఇస్తే వేరే ఫైళ్ల నుంచి వచ్చిన వరుసలనూ పట్టుకుంటుంది. కానీ సీవీఎస్ నుంచి గిట్‌కు మార్చిన చరిత్రలో మొదటి కమిట్ చేసినవారినే రచయిత అనుకోకండి. ఆయన ఫైళ్లు ఎక్కించి ఉంటాడు, అంతే.

ప్రశ్న: ఫైళ్లలో లైసెన్సు వెతికే లైసెన్స్‌చెక్ సాధనం నడిపితే సగం ఫైళ్లకు 'తెలియదు' అని వస్తోంది. అవన్నీ సమస్యేనా?

జవాబు: కాకపోవచ్చు. లైసెన్స్‌చెక్ మామూలుగా ఫైలు మొదటి 60 వరుసలు, చివరి 5000 బైట్లు మాత్రమే చదువుతుంది. వరుసల సంఖ్యను సున్నా చేస్తే మొత్తం ఫైలు చదువుతుంది. పెద్ద మార్పుల చరిత్రను తలమీద మోసే పాత ఫైళ్లలో లైసెన్సు 80వ వరుసలోనో 120లోనో దాక్కుంటుంది. అలా చేశాక కూడా మిగిలినవాటిని స్కాన్‌కోడ్ అనే మరో సాధనంతో మళ్లీ చూడండి. ఈ రెండూ ఫైలులో రాసి ఉన్న మాటను గుర్తుపడతాయి తప్ప, ఆ మాట నిజమో కాదో చెప్పలేవు. వేరేచోటి కోడ్ తెచ్చి పైన తన ప్రాజెక్టు హెడర్ అతికిస్తే ఏ సాధనమూ పట్టుకోదు. శైలి చూసి అనుమానించాల్సిందే. మిగతా ఫైళ్లన్నీ ఒక తీరున రాసి, ఒక్కటి మాత్రం పాత కె అండ్ ఆర్ పద్ధతిలో ఫంక్షన్ పేరు కింద పారామీటర్లు ప్రకటిస్తుంటే, అది ఎక్కడిదో వెతకండి.

ప్రశ్న: 1998 నాటి ప్యాకేజీ. ఫైళ్లలో లైసెన్సు లేదు గానీ పై ఫోల్డరులో 'కాపీయింగ్' ఫైలు ఉంది, అందులో జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు పాఠం ఉంది. అది చాలదా?

జవాబు: ఆ ఫైలును ఎవరు పెట్టారో తేలాలి. బిల్డ్ ఫైళ్లు తయారుచేసే ఆటోమేక్‌ను లేని ఫైళ్లు చేర్చమనే ఆప్షన్‌తో నడిపితే, కాపీయింగ్ ఫైలు కనిపించకపోతే తనే జీపీఎల్ ప్రతిని తెచ్చి పెడుతుంది. అంటే అది రచయిత నిర్ణయం కాకుండా సాధనం చేసిన పని అయి ఉండవచ్చు. మీ ఫైలు తెరిచి వెర్షన్ చూడండి. జీపీఎల్ 3 వచ్చింది 2007 జూన్ 29న. 1998 ప్యాకేజీలో ఆ పాఠం ఉందంటే తర్వాత ఎవరో బిల్డ్ చేసినప్పుడు వచ్చి చేరిందన్నమాట. అది వెర్షన్ 2 అయి, మొదటి విడుదల నుంచీ ఉండి, రీడ్‌మీలో 'జీపీఎల్ కింద' అన్న ఒక్క వాక్యం దొరికితే మీ పని సులువు.

వెర్షన్ సంఖ్య చెప్పకుండా 'జీపీఎల్ కింద' అని మాత్రమే ఉంటే కంగారు పడకండి. జీపీఎల్ 2లోని 9వ సెక్షన్ ప్రకారం, ప్రోగ్రామ్ వెర్షన్ సంఖ్య చెప్పకపోతే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రచురించిన ఏ వెర్షన్ అయినా ఎంచుకోవచ్చు.

ప్రశ్న: 'ఈ ప్రోగ్రామ్‌ను ఉచితంగా పంచుకోవచ్చు' అని ఉంది. ఇది స్వేచ్ఛా లైసెన్సేనా?

జవాబు: పంచుకోవడానికి అనుమతి ఉంది, మార్చడానికి లేదు. మార్చిన ప్రతిని పంచుకోవడానికి అసలే లేదు. డెబియన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాల్లో మూడోది అడిగేది సరిగ్గా అదే. 'అమ్మకూడదు', 'వ్యాపారానికి వాడకూడదు' అన్న తోక ఉంటే ఒకటో సూత్రమో, ఆరోదో అడ్డం వస్తుంది.

మాటలన్నీ ఉన్నా సరిపోని సందర్భం కూడా ఉంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం రాసిన పైన్ ఈమెయిల్ ప్రోగ్రామ్ లైసెన్సులో వాడుకోవడానికి, కాపీ చేయడానికి, మార్చడానికి, పంచడానికి అనుమతి అని ఒకే వాక్యంలో ఉండేది. మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, కానీ మార్చినదాన్ని పంచడానికి మాత్రం తాము ఒప్పుకోలేదని విశ్వవిద్యాలయం అర్థం చెప్పింది. అప్పుడు డెబియన్ బైనరీ ఇవ్వడం మానేసి సోర్స్, దాని పక్కన ప్యాచ్‌లు మాత్రమే ఇచ్చింది. దాని తర్వాతి రూపమైన ఆల్పైన్ అపాచీ 2.0 లైసెన్సుతో వచ్చాక గానీ చిక్కు వీడలేదు. అందుకే హక్కుదారు బతికుండి, తన వాక్యానికి ఫలానా అర్థమని చెప్పాక, మనకు నచ్చిన అర్థం పట్టుకుని వాదించడం వృథా. అదే వాక్యం వేరేవాళ్ల కోడ్ మీద ఉండి, వాళ్లు అలా అభ్యంతరపెట్టకపోతే సమస్య లేదు. ఎంఐటీ తరహా పాత లైసెన్సులు చాలావరకు ఇదే వాక్యంతో నడుస్తున్నాయి.

ప్రశ్న: రచయిత దొరికాడు. ఆయనకు ఏమని రాయాలి? ఆయన 'అలాగే, వాడుకోండి' అంటే చాలా?

జవాబు: చాలదు. 'వాడుకోండి' అన్నది మీకు ఇచ్చిన అనుమతి. మీ దగ్గర తీసుకున్నవాళ్లకూ, వాళ్ల దగ్గర తీసుకున్నవాళ్లకూ అదే హక్కు చేరాలి. డెబియన్‌కు మాత్రమే అనుమతి ఇచ్చినా ఎనిమిదో మార్గదర్శకం ఒప్పుకోదు. అందుకే జవాబు ఎలా రావాలో ముందే తయారు చేసి, ఆయన 'ఒప్పుకుంటున్నాను' అని రాస్తే చాలేలా ఉత్తరం పంపండి.

ఉత్తరంలో ఉండాల్సినవి కొన్నే. ఏ ఫైళ్లు, ఏ విడుదలలోవి అన్నది దారితో సహా రాయండి, ఫైలు జతచేయండి, దాని షా 256 మొత్తం (ఫైలు మారిందో లేదో చూపే సంఖ్య) కూడా ఇవ్వండి. లేకపోతే పదేళ్ల తర్వాత ఏ ఫైలు గురించి అడిగారో ఎవరికీ తెలియదు. ఒకే లైసెన్సు సూచించండి, దాని పూర్తి పాఠాన్ని ఉత్తరంలోనే పెట్టండి. నాలుగైదు లైసెన్సులు ముందు పెట్టి ఎంచుకోమంటే, ఎప్పుడో మరిచిపోయిన కోడ్ కోసం ఆయన లైసెన్సుల మీద చదువు మొదలుపెట్టాలి. ఆ ఉత్తరం ఇన్‌బాక్స్‌లో అలా ఉండిపోతుంది. మిగతా ప్యాకేజీ జీపీఎల్‌లో ఉన్నా, ఒక చిన్న ఫైలుకు ఎంఐటీ లాంటి చిన్న పాఠం అడగడమే మేలు. నాలుగు పేరాలు చదివి సరేననడం ఎవరికైనా సులువు. చివరి వాక్యాలు ఇలా ఉండొచ్చు:

'పైన చెప్పిన ఫైళ్లలో నేను రాసిన భాగం మొత్తానికి కాపీరైట్ నాదే. దాన్ని కింద ఇచ్చిన ఎంఐటీ లైసెన్సు షరతుల మీద ఎవరైనా వాడుకోవడానికి అనుమతిస్తున్నాను. ఈ జవాబును ప్యాకేజీతో పాటు ప్రచురించడానికి నాకు అభ్యంతరం లేదు.'

ఈ మూడింటిలో ఎక్కువమంది వదిలేసేది మొదటిది. ఆ కోడ్ ఉద్యోగంలో ఉండగా రాసి ఉంటే హక్కు చాలాచోట్ల సంస్థది, ఆయనది కాదు. కాబట్టి ఆ సమయంలో ఎక్కడ పనిచేసేవారో, ఇది ఆ పనిలో భాగమో కాదో సూటిగా అడగండి. ఫైలు మీద ఉన్న ఈమెయిల్ చిరునామా సంస్థది అయితే తప్పకుండా అడగాలి.

జవాబు వచ్చాక దాన్ని తేదీ, విషయం వంటి హెడర్లతో సహా ఉన్నది ఉన్నట్టు కాపీరైట్ ఫైలులో చేర్చండి. ఆయన సొంత చిరునామా, ఫోను లాంటివి తీసేయండి. మూల ప్రాజెక్టు ఇంకా నడుస్తుంటే ఫైలు హెడర్‌ను అక్కడే మార్పించండి. మీ ప్యాకేజీలో మాత్రమే రాసుకుంటే, ఇదే ఫైలు కోసం మరో పంపిణీవాళ్లు అదే మనిషికి మళ్లీ రాస్తారు. మూడో ఉత్తరానికి ఆయనకు విసుగొస్తుంది.

ప్రశ్న: కంపెనీ మూతపడింది. ఎవర్ని అడగాలి?

జవాబు: కంపెనీ పోయినా హక్కు పోదు, ఇంకెవరికో చేరుతుంది. కొన్నవాళ్లకో, అప్పులవాళ్లకో, వాటాదారులకో. రచయిత చనిపోతే వారసులకు. బెర్న్ ఒప్పందం చెప్పే కనీస గడువే రచయిత తర్వాత 50 ఏళ్లు, చాలా దేశాల్లో 70. పాత కోడ్ గడువు తీరి బయటపడుతుందని ఎదురుచూడటం అనవసరం. అమెరికా కాపీరైట్ కార్యాలయం జాబితాలో 1978 నుంచి నమోదులు, బదిలీలు వెతకవచ్చు. కొనుగోళ్ల వరుసను కాగితం మీద గీసుకుని, చివరి కంపెనీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వ్యవహారాలు చూసే విభాగానికి రాయండి. న్యాయ విభాగానికి నేరుగా రాస్తే జవాబు రావడం కష్టం.

సన్ కంపెనీ రాసిన ఆర్‌పీసీ అనే నెట్‌వర్క్ కోడ్ కథ ఇక్కడ పనికొస్తుంది. 1980ల నాటి ఆ కోడ్ గ్నూ సి లైబ్రరీ అయిన జీలిబ్‌సీలోనూ, ఇంకా చాలాచోట్లా ఉండేది. వాడుకరి తాను తయారుచేసిన ఉత్పత్తిలోనో ప్రోగ్రామ్‌లోనో భాగంగా తప్ప విడిగా ఎవరికీ పంచకూడదని దాని లైసెన్సు షరతు. ఏళ్ల తరబడి అడగ్గా 2009లో సన్ దాన్ని మూడు క్లాజుల బీఎస్‌డీ అనే స్వేచ్ఛా లైసెన్సుకు మార్చడానికి ఒప్పుకుంది. సన్‌ను కొన్నాక 2010లో ఆరకిల్ తరఫున కూడా అనుమతి వచ్చింది. కంపెనీ చేతులు మారుతున్నా, అడిగేవాళ్లు ఏ కోడ్ గురించి అడుగుతున్నామో స్పష్టంగా చెప్పారు కాబట్టి పని జరిగింది.

ఇచ్చినవారికి ఇచ్చే హక్కు ఉందా అన్నదీ చూడాలి. కాల్డెరా కంపెనీ 2002 జనవరిలో పాత యూనిక్స్‌ను, అంటే ఒకటి నుంచి ఏడు ఎడిషన్లు, 32వీలను, బీఎస్‌డీ తరహా లైసెన్సుతో విడుదల చేసింది. తర్వాత ఎస్‌సీఓ, నోవెల్ మధ్య నడిచిన వ్యాజ్యంలో యూనిక్స్ కాపీరైట్లు నోవెల్ దగ్గరే ఉండిపోయాయని 2010లో జ్యూరీ తేల్చింది. ఎస్‌సీఓ అంటే పేరు మార్చుకున్న కాల్డెరాయే. ఆ లైసెన్సును కొట్టేసినవారు లేరు గానీ, దాని మీద ఆధారపడే ఫైలు మీ ప్యాకేజీలో ఉంటే సంగతి కాపీరైట్ ఫైలులో రాసిపెట్టడం మంచిది. సిస్టమ్ త్రీ, సిస్టమ్ ఫైవ్ ఆ విడుదలలో లేవన్నది ఇంకా ముఖ్యం. మీ ఫైలులోని @(#) వరుసలో అవి కనిపిస్తే ఆ లైసెన్సు మీకు పనికిరాదు.

ప్రశ్న: నలభై మంది కలిసి రాసిన ప్యాకేజీ లైసెన్సు మార్చాలి. ముగ్గురు జవాబు ఇవ్వడం లేదు. గడువు పెట్టి, ఈలోగా కాదనకపోతే ఒప్పుకున్నట్టే అనవచ్చా?

జవాబు: మౌనం అర్ధాంగీకారం అన్న మాట కాపీరైట్ దగ్గర చెల్లదు. 2017లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ప్రాజెక్టు అపాచీ లైసెన్సుకు మారుతూ, జవాబు రాకపోతే అభ్యంతరం లేదని భావిస్తామని ఉత్తరాల్లో రాసింది. దాని మీద గట్టి విమర్శలే వచ్చాయి. చివరికి 2021లో 3.0 వెర్షన్ అపాచీ 2.0తో వచ్చింది.

మీరు చేయాల్సింది ఆ ముగ్గురి కోడ్ ఇప్పుడు ఎంత మిగిలి ఉందో లెక్కపెట్టడం. బ్లేమ్ చూస్తే చాలాసార్లు ఏమీ మిగలదు, ఎప్పుడో తిరగరాసి ఉంటారు. మిగిలింది అక్షరదోషం సరిదిద్దడమో, ఒక షరతు తలకిందులు చేయడమో అయితే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. గ్నూ ప్రాజెక్టు తన నిర్వాహకులకు చెప్పే లెక్కలో సుమారు 15 వరుసలలోపు మార్పు కాపీరైట్ పరంగా లెక్కలోకి రాదు. అయితే ఒకరివే చిన్న మార్పులు చాలా ఉంటే అన్నీ కలిపి చూడాలి. అంతకు మించి ఉన్నదాన్ని తీసి మళ్లీ రాయండి. నెలల తరబడి ఉత్తరాల కోసం ఎదురుచూడటం కంటే 200 వరుసలు మళ్లీ రాయడం తేలిక.

ప్రశ్న: బీఎస్‌డీ ప్రకటన క్లాజును, అంటే ప్రకటనల్లో రచయిత సంస్థ పేరు చెప్పాలన్న షరతును, 1999లో రద్దు చేశారు కదా. నా ప్యాకేజీలోని నాలుగు క్లాజుల ఫైళ్లన్నింటిలోనూ దాన్ని తీసేయవచ్చా?

జవాబు: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1999 జులై 22న రద్దు చేసింది తన కోడ్‌కే. కాపీరైట్ వరుసలో ఆ విశ్వవిద్యాలయ రీజెంట్ల పేరు ఒక్కటే ఉంటే తీసేయవచ్చు. అదే పాఠాన్ని కాపీకొట్టి పేరు మార్చుకుని వాడినవాళ్ల ఫైళ్లకు ఆ రద్దు వర్తించదు, వాళ్లనే అడగాలి. ఒకే ఫైలులో రీజెంట్లతో పాటు ఇంకొకరి పేరుంటే ఆ ఇంకొకరి అనుమతి కావాలి. ఈ క్లాజు ఉన్న ఫైలును జీపీఎల్ కోడ్‌తో కలిపి బైనరీ చేస్తే, జీపీఎల్ ఒప్పుకోని అదనపు షరతు అవుతుంది. తలనొప్పి అంతా అక్కడే. లైసెన్సు పేరు రాసేటప్పుడు ఎస్‌పీడీఎక్స్ అనే లైసెన్సు గుర్తింపుల జాబితాలో విశ్వవిద్యాలయం పాఠానికి విడిగా ఒక గుర్తింపు ఉందని మరవకండి. మామూలు నాలుగు క్లాజుల గుర్తింపు వేరు.

ప్రశ్న: ఫైలు మీద 'పబ్లిక్ డొమైన్' అని ఉంటే ఇక అడగాల్సిన పని లేదు కదా?

జవాబు: ఆ మాట రాసింది రచయితేనా అన్నది మొదటి ప్రశ్న. ప్యాకేజీ చేసినవారు ఎక్కడో దొరికింది కాబట్టి అలా రాసేసి ఉండవచ్చు. రచయితే రాసి, స్పష్టంగా హక్కులు వదులుకుంటున్నానని చెబితే పంపిణీలు సాధారణంగా ఒప్పుకుంటాయి. కాపీరైట్ ఫైలులో ఆ వాక్యాన్ని యథాతథంగా పెట్టాలి. పబ్లిక్ డొమైన్ అని ఒక్క మాట రాసి వదిలేస్తే చాలదు, ఎందుకు అయిందో వివరం ఉండాలని డెబియన్ ఫార్మాటే అడుగుతుంది. 'పబ్లిక్ డొమైన్, కానీ అమ్మకూడదు' అని పాత కోడ్‌లో తరచూ కనిపిస్తుంది. షరతు పెట్టారంటే హక్కు వదులుకోలేదన్నమాట, దాన్ని వ్యాపార నిషేధ లైసెన్సుగానే లెక్కించండి.

జర్మనీ లాంటి దేశాల్లో రచయిత కాపీరైట్‌ను పూర్తిగా వదులుకోవడం కుదరదు. అందుకే మళ్లీ అడిగే అవకాశం ఉంటే పబ్లిక్ డొమైన్ ప్రకటనకు బదులు ఏ షరతూ లేని జీరో బీఎస్‌డీ అడగండి. హక్కులు వదులుకునే సీసీ జీరో ప్రకటన అడిగేముందు ఒక సంగతి: అది పేటెంట్ హక్కులను విడిగా పక్కన పెడుతుంది కాబట్టి 2022లో ఫెడోరా అనే లైనక్స్ పంపిణీ కొత్త కోడ్‌కు దాన్ని ఒప్పుకోవడం మానేసింది.

ప్రశ్న: ప్యాకేజీలో పాత ఎండీ5 (ఫైలుకు గుర్తింపు సంఖ్య లెక్కించే పద్ధతి) ఫైలు లైసెన్సు సమస్య అని ప్యాకేజీలను తనిఖీ చేసే లింటియన్ చెబుతోంది. తీసేసి వేరేది పెట్టడం ఎలా?

జవాబు: అది 1992 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1321 అనే ఇంటర్నెట్ పత్రం చివర్లోని నమూనా కోడ్ అయి ఉంటుంది. దాన్ని ప్రస్తావించే ప్రతి సామగ్రిలోనూ ఆర్‌ఎస్‌ఏ డేటా సెక్యూరిటీ పేరుతో గుర్తించాలని షరతు. కాపీ చేయడానికి, వాడటానికి, మార్చుకోవడానికి అనుమతి ఉంది గానీ పంచడం అన్న మాట అందులో లేదు. 2000లో ఆర్‌ఎస్‌ఏ ఈ షరతులను సడలిస్తూ ప్రకటన ఇచ్చింది. అయినా దాని మీద వాదించడం కంటే మార్చేయడమే సుఖం. ఎండీ5కు జెడ్‌లిబ్ లైసెన్సుతోనూ, పబ్లిక్ డొమైన్‌గానూ స్పష్టమైన వేరే కోడ్ దొరుకుతుంది.

మార్చేటప్పుడు చెడేది ఎక్కడంటే, ఫంక్షన్ల దగ్గర. ఆర్‌ఎఫ్‌సీ కోడ్‌లో చివరి ఫంక్షన్‌కు ముందు ఫలితం, తర్వాత కాంటెక్స్ట్ ఇస్తారు. జెడ్‌లిబ్ లైసెన్సుతో వచ్చే కోడ్‌లో ఈ వరుస తలకిందులు. ప్రోటోటైప్ లేని పాత కోడ్‌లో కంపైలర్ ఏమీ అనదు, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు చచ్చిపోతుంది. ఆర్‌ఎఫ్‌సీలోనే ఇచ్చిన ఏడు పరీక్ష పదాలకు ఫలితాలు సరిపోతున్నాయో చూడండి. పాత కోడ్‌లో ఇంకో తప్పు కూడా ఉంది. నాలుగు బైట్ల పదాన్ని అన్‌సైన్డ్ లాంగ్‌గా ప్రకటించారు. 64 బిట్ల లైనక్స్‌లో లాంగ్ అంటే ఎనిమిది బైట్లు. సరిచేయకుండా వదిలేసిన ప్యాకేజీల్లో ఫలితాలే తప్పుగా వస్తుంటాయి. కాబట్టి మార్చాక ఫలితం మారితే కొత్త కోడ్‌ను అనుమానించేముందు పాతదాన్ని చూడండి.

ప్యాచ్ వేసి ఫైలును తొలగిస్తే చాలదు. అసలు టార్‌బాల్‌లో, అంటే మూల ప్రాజెక్టు విడుదల చేసిన సోర్స్ కట్టలో, అది ఇంకా ఉంటుంది, మీరు దాన్ని పంచుతూనే ఉంటారు. కాపీరైట్ ఫైలు మొదటి పేరాలో మినహాయించాల్సిన ఫైళ్ల ఫీల్డు ఉంది, అందులో దారి రాస్తే కొత్త విడుదలలు వెతికే యూస్కాన్ సాధనం టార్‌బాల్‌ను ఆ ఫైలు లేకుండా మళ్లీ కట్టి, మీరు వాచ్ ఫైలులో చెప్పిన డీఎఫ్‌ఎస్‌జీ (డెబియన్ మార్గదర్శకాల పొట్టిపేరు) తోకను వెర్షన్‌కు తగిలిస్తుంది. ఆ తోకను పోల్చేటప్పుడు తీసేయమని వాచ్ ఫైలుకు చెప్పడం మరిస్తే, కొత్త విడుదల వచ్చినట్టు ప్రతిసారీ తప్పుడు హెచ్చరిక వస్తుంది. తర్వాత మేక్‌ఫైల్‌లో ఆ ఫైలు పేరు తీసే ప్యాచ్ వేయండి. కన్‌ఫిగర్ స్క్రిప్ట్ సోర్స్ ఫోల్డరును గుర్తుపట్టడానికి ఏదో ఒక ఫైలు ఉందా అని చూస్తుంది. సరిగ్గా మీరు తీసేసిన ఫైలే అది అయితే అక్కడే ఆగిపోతుంది. మీ ప్యాకేజీ గిట్ రిపోజిటరీలో పాత విడుదలల బ్రాంచ్ అందరికీ కనిపించేలా ఉంటే ఆ ఫైలు అక్కడి నుంచీ పంచుతున్నట్టే.

ప్రశ్న: శాస్త్రీయ లెక్కల ప్యాకేజీలో న్యూమరికల్ రెసిపీస్ పుస్తకం నుంచి తెచ్చిన ఫంక్షన్లు ఉన్నట్టున్నాయి. వేరియబుల్ పేర్లు మార్చి, ఫోర్ట్రాన్ నుంచి సి లోకి తిరగరాస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. పేర్లు మార్చినా, భాష మార్చినా అది ఆ కోడ్ నుంచి పుట్టిన రూపమే. ఆ పుస్తకం కోడ్‌ను సోర్స్ రూపంలో పంచడానికి దాని లైసెన్సు ఒప్పుకోదు. రాన్1, గాస్‌డెవ్, ఎల్‌యూడీసీఎంపీ, ఎస్‌వీడీసీఎంపీ, ఫోర్1 లాంటి పేర్లు గ్రెప్‌లో తగిలితే మూలం అదేనని దాదాపు ఖాయం. పేర్లు మార్చేసినచోట ఒకటి నుంచి మొదలయ్యే యారే సూచికలు సి కోడ్‌లో కనిపిస్తే అనుమానించండి, అది ఆ పుస్తకం అలవాటు.

కాపీరైట్ కోడ్‌కు ఉంటుంది, గణిత పద్ధతికి ఉండదు. కాబట్టి అదే లెక్క చేసే వేరే కోడ్ పెట్టుకోవచ్చు. మాత్రికల పనులకు లాపాక్ బీఎస్‌డీ తరహా లైసెన్సుతో ఉంది. ప్యాకేజీ జీపీఎల్ 3తో కుదిరేదైతే గ్నూ సైంటిఫిక్ లైబ్రరీ దాదాపు అన్నింటికీ సరిపోతుంది. ఫోరియర్ మార్పిడికి కిస్ఎఫ్ఎఫ్‌టీ బీఎస్‌డీతో వస్తుంది. పెట్టేముందు గుణకాలు చూసుకోండి. ఒక లైబ్రరీ విలోమ మార్పిడిలో మూలకాల సంఖ్యతో భాగిస్తుంది, ఇంకోటి భాగించదు. యాదృచ్ఛిక సంఖ్యల ఫంక్షన్ మార్చితే అదే సీడ్‌కు వేరే సంఖ్యలు వస్తాయి, ప్యాకేజీలో ఉన్న పాత పరీక్షల ఫలితాలు సరిపోవు. అవి తప్పు కాదు, పరీక్షలనే మళ్లీ తయారుచేయాలి. ఎవరూ మార్చే స్థితిలో లేకపోతే ఆ ఫంక్షన్ వాడే మాడ్యూల్‌ను బిల్డ్ నుంచి, టార్‌బాల్ నుంచి తీసేసి మిగతా ప్యాకేజీని ఉంచండి. తీసేసిన సంగతి రీడ్‌మీ.డెబియన్‌లో ఒక వరుస రాస్తే, ఫలానా కమాండ్ ఎందుకు లేదని వచ్చే బగ్ నివేదికలు తగ్గుతాయి.